కళావిద్యకు ఊరి అండ

వేసవిలో పరీక్షాఫలితములు వెలువడిన మఱునాడు మన దినపత్రికల పుటలు ర్యాంకులతో నిండిపోవుట ఆచారమైనది. వైద్యవిద్యకు ఎందఱు, ఇంజనీరింగునకు ఎందఱు, ఏ సంస్థకు ఎన్ని స్థానములు అను లెక్క గడపగడపకు చేరుచున్నది. చిత్రలేఖనమో, శిల్పమో, వస్త్రరూపకల్పనమో అభ్యసించు బాలబాలికలు సంవత్సరమంతయు శ్రమించి తమ పనిని ప్రదర్శనమునకు పెట్టినప్పుడు ఆ వార్తకు నాలుగు పంక్తులు లభించుట గగనము. ఇందులకు పత్రికలను మాత్రమే నిందించి ప్రయోజనము లేదు. అడుగువాడున్న సరకే అంగడికి వచ్చును. మనము అడుగలేదు, వారు వేయలేదు.

ఈ నాలుగు మాటలును అల్లూరు మొదలగు నెల్లూరు తీరగ్రామముల గృహస్థులను ఉద్దేశించి వ్రాయబడుచున్నవి. పెన్ననీటితో పండు వరికిని, ఇటీవల రొయ్యలగుంటలు తెచ్చిన రొక్కమునకును ఈ తీరము పేరుపడినది. మన పిల్లలు అల్లూరు రోడ్డు స్టేషనులో బండి యెక్కి చెన్నపట్టణమునకు, హైదరాబాదునకు, అటనుండి సముద్రములు దాటియు పోయి చదువుచున్నారు. ఆ బండి యెక్కినవారిలో కళావిద్యాలయమునకు పోవుచున్నానని ధైర్యముగా చెప్పుకొనినవారు ఎందఱు? బొమ్మలు చక్కగా గీయు పిల్లవాడో, పిల్లయో ప్రతి యూరిబడిలోను ఒకరుందురు. పదవ తరగతి వచ్చునప్పటికి ఆ చేతినుండి కుంచెను లాగికొని ప్రశ్నోత్తరముల పుస్తకమును పెట్టుచున్నాము. ఆ పని చేయునది ఏ దొరతనమును కాదు, మనమే.

కళావిద్యాలయము ప్రభుత్వపు టుత్తరువుచే పుట్టవచ్చును. దాత యిచ్చిన సొమ్ముతో దానికి భవనము లేవవచ్చును. కాని అది బ్రతికి బట్టకట్టుట చుట్టునున్న సంఘము దానిని తనదిగా నెంచుటపై ఆధారపడియున్నది. ఇది ఊహామాత్రము కాదు. ఆంధ్రదేశపు కళావిద్యాలయముల చరిత్రయే ఇందులకు సాక్ష్యము.

1907లో బిపినచంద్రపాలుడు ఆంధ్రదేశమున సంచరించి స్వరాజ్యమును, స్వదేశివ్రతమును, జాతీయవిద్యను బోధించి పోయెను. ఆ యుపన్యాసముల వేడి చల్లారకమునుపే బందరులో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారలు పూనుకొని 1910లో ఆంధ్రజాతీయకళాశాలను స్థాపించిరి. హనుమంతరావుగారు న్యాయవాదవృత్తిని ఆశింపక తన జీవితమునంతయు ఆ సంస్థకే ధారపోసి 1922లో పరమపదించిరి. పుస్తకజ్ఞానమును, చేతిపనిని విడదీయరాదనుట ఆ విద్యాలయపు మూలసూత్రము. గుమాస్తాలను తయారుచేయు చదువునకు ప్రతిగా, దేశమునకు కావలసిన వస్తువును తన చేతులతో చేయగల మనుష్యుని తయారుచేయవలెనని స్థాపకుల సంకల్పము.

ఆ విద్యాలయమున చిత్రకళను బోధించుటకు వంగదేశమునుండి ప్రమోదకుమార చటర్జీ వచ్చెను. అడివి బాపిరాజు అచటనే ఆయనకు శిష్యుడై కుంచె పట్టెను. తరువాత 1930 దశకమున ఆ కళాశాలకే ప్రధానాచార్యుడై మరలివచ్చెను. కవియు, కథకుడును, చిత్రకారుడును ఒక్క మనిషిలో కలిసియుండుట నేడు మనకు వింతగా తోచును. బందరు వాతావరణమున అది వింత కాదు. ఒకవైపు కళాశాల, మఱియొకవైపు ముట్నూరి కృష్ణారావుగారి కృష్ణాపత్రిక. ఒకచోట గీచిన బొమ్మను గూర్చి మఱియొకచోట చర్చ జరుగుచుండెను. విద్యాలయపు వార్త ఊరి వార్తయై, ఊరి వార్త దేశపు వార్తయై పోవుచుండెను.

ఆ కళాశాలలో కొంతకాలము అధ్యాపకుడై యుండిన పింగళి వెంకయ్యగారు 1921లో బెజవాడలో జరిగిన అఖిలభారత కాంగ్రెసు సంఘసమావేశమున గాంధీమహాత్మునికి జాతీయపతాకపు నమూనాను సమర్పించిరి. ఈ సంగతి మనవారందఱును గర్వముతో చెప్పుకొనునదే. కాని పతాకమనగా నేమి? ఏ వర్ణము పైన నుండవలెను, ఏది క్రింద నుండవలెను, పొడవునకు వెడల్పు ఎంత, దూరమునుండి చూచినవానికి గుర్తు తెలియునా, గాలికి ఎగిరినప్పుడు రూపము చెడునా అని యోచించి చేయు పని. దీనినే నేడు డిజైను అనుచున్నారు. దేశమునకు జెండా కావలసివచ్చినప్పుడు కావలసినది రూపకల్పనవిద్యయే. ఆ విద్యను బొమ్మలాట యని తేలికపఱచువారు తమ యింటిపై ఎగురవేయు పతాకమును ఒకమాఱు తలయెత్తి చూడవలెను.

అట్టి విద్యాలయము ఏమైనది? సహాయనిరాకరణపు ఉత్సాహము తగ్గిన పిదప దేశమందలి జాతీయవిద్యాలయములు పెక్కులు క్షీణించినవి. వాని పట్టాలకు దొరతనపు కొలువులలో విలువ లేదు. సభలో జాతీయవిద్యకు చప్పట్లు కొట్టిన తండ్రి ఇంటికి వచ్చి కుమారుని దొరతనపు కళాశాలలో చేర్చెను. చందా ఇచ్చుటకు వెనుదీయని చేయి బిడ్డను ఇచ్చుటకు వెనుదీసెను. బందరు కళాశాల పేరు మాత్రము చెడలేదు. ఆ పేరుతో డిగ్రీ కళాశాల నేటికిని నడచుచున్నది. కాని చేతిపనిని, చదువును ఏకము చేయవలెనన్న తొలి సంకల్పము దేశములో వేళ్లూనుకొనలేదు. ఆ లోపము స్థాపకులది కాదు.

రాజమహేంద్రవరపు కథ మఱియొక తెఱగు. అచటి ప్రభుత్వకళాశాలకు ప్రధానాచార్యుడుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు స్వయముగా చిత్రకారుడు. దామెర్ల రామారావు అను బాలుని చేతిలోని నేర్పును కనిపెట్టి బొంబాయిలోని జె. జె. చిత్రకళాశాలకు పోవుటకు తోడ్పడెను. రామారావు 1920లో అచట విద్య ముగించి, కొంతకాలము దేశసంచారము చేసి, సొంతయూరికి వచ్చి చిత్రకళాశాలను నెలకొల్పి శిష్యులను చేరదీసెను. 1925లో, ఇరువదియెనిమిదేండ్లు నిండకమునుపే, మశూచి ఆయనను కబళించెను. గురువు పోయినవెంటనే పాఠశాల పోవుట లోకసహజము. ఇచట అట్లు జరుగలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నము ఆ భారమును తలకెత్తుకొనెను. రామారావు భార్య సత్యవాణియు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మయు చిత్రకారిణులే. ఆ యింటివారును, ఆ మిత్రులును కాపాడుటచేతనే ఆయన చిత్రములు నేటికిని రాజమహేంద్రవరమున ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో మనకు దర్శనమిచ్చుచున్నవి. ఒక మనిషి పోయినను పది మంది పట్టుకొనిన విద్య నిలిచినది. బందరునకును, దీనికిని గల భేదమును పాఠకులే గ్రహింపగలరు.

నెల్లూరు మండలమున ఇట్టి ఔదార్యము లేదా? ఉన్నది, చరిత్రలో వ్రాయబడియున్నది. 1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీమహాత్ముడు పల్లిపాడులో ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమమునకు భూమి నిచ్చినది పొణకా కనకమ్మగారు. భూస్వాముల యింటి కోడలైన ఆమె 1923లో నెల్లూరులో బాలికలకొఱకు కస్తూరిదేవీ విద్యాలయమును నెలకొల్పెను. పొలమున్నవారు తలచుకొనినచో ఏమి చేయగలరో ఆమె చేసి చూపెను. బుచ్చిరెడ్డిపాలెపు బెజవాడ గోపాలరెడ్డిగారు బందరు జాతీయకళాశాలలోను, పిదప రవీంద్రుని శాంతినికేతనములోను చదివిరి. అంతటి సంపన్నకుటుంబమునకు ఉద్యోగపు పట్టా ఇయ్యని చదువు భయము కలిగింపలేదు. ఆ చదువు ఆయనను చెఱుపను లేదు. ఆయన 1955లో ఆంధ్రరాష్ట్రమునకు ముఖ్యమంత్రియయ్యెను; రవీంద్రుని కృతులను తెలుగున ప్రవేశపెట్టెను.

శాంతినికేతనపు మాట వచ్చినది గనుక అచటి కళాభవనమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. విద్యాలయమును, దాని చుట్టునున్న జనమును ఏకము చేయుట యెట్లో అచట కనబడును. 1919లో స్థాపింపబడిన ఆ సంస్థను నందలాలు బోసు పెక్కేండ్లు నడిపెను. 1938లో హరిపురా కాంగ్రెసు మహాసభకు గాంధీగారి కోరికపై ఆయన ఎనుబదికి పైగా పటములను చిత్రించెను. వానిలో దేవతలకన్న మిన్నగా కనబడువారు రైతు, వడ్రంగి, కుమ్మరి, డప్పరి మొదలగు గ్రామజనులు. శిష్యులు ఆయనతో కూడ కూర్చుండి ప్రతులు వ్రాసిరి. పాఠము వేఱు, దేశకార్యము వేఱు అను విభాగము అచట లేదు.

నేటికిని ఆ కళాభవనమున ప్రతి సంవత్సరము డిసెంబరు 1, 2 తేదీలలో, నందలాలు జన్మదినమునకు ముందు, నందనమేళా యను సంత జరుగుచున్నది. 1973లో మొదలైన ఆ మేళాకు అధ్యాపకులును, విద్యార్థులును, పూర్వవిద్యార్థులును ఎవరికి తోచిన వస్తువు వారు చేసి తెత్తురు. చిన్నచిత్రములు, మట్టిపాత్రలు, అద్దకపు గుడ్డలు, పంచాంగపు పటములు అమ్మకమునకు వచ్చును. గురువు గీచిన పటమును, తొలియేటి విద్యార్థి చేసిన మట్టిగిన్నెయు ఒకే పందిరిలో నుండును. వచ్చిన సొమ్ము విద్యార్థుల సహాయనిధికి చేరును; కష్టమున నున్న సహాధ్యాయిని ఆదుకొనును. ఊరివారు కొనుటకు వత్తురు. కొని బొమ్మను ఇంటికి తీసికొనిపోదురు. విద్యాలయపు గోడ ఆ రెండు దినములు లేకపోవును.

కళావిద్యాలయములోని దినచర్య మనకు తెలియదు గనుకనే దానిని సోమరుల బడి యని తలచుచున్నాము. అచట పరీక్ష మూడు గంటలలో ముగిసిపోవునది కాదు. పట్టాకు నాలుగేండ్లు. తొలియేడు చేయి కుదురుటకే సరిపోవును. ఒక చెట్టును, ఒక చేతిని, ఒక నీడను వంద పర్యాయములు గీయవలెను. తెల్లవారుజామున సంతకో, రైల్వేస్టేషనుకో పోయి కదలు మనుష్యులను కాగితముపై పట్టుకొనవలెను. చేసిన పనిని పదిమంది నడుమ గోడకు తగిలించి, గురువును, తోటివారును తప్పు లెన్నుచుండగా నిలిచి వినవలెను. కంఠస్థము చేసి గట్టెక్కు ఉపాయము అచట లేదు. ప్రదర్శనము దగ్గఱపడిన రాత్రులలో పై తరగతివారు క్రింది తరగతివారికి మేకు కొట్టుటనుండి రంగు కలుపుటవఱకు నేర్పుదురు. పొరుగువాని పని చెడినచో ప్రదర్శనమంతయు చెడునని ఎఱిగినవారు గనుక ఒకరి కొకరు తోడగుదురు. మన ర్యాంకుల చదువులో పొరుగువాడు పోటీదారు, ఇచట పనివాడు. ఈ భేదము చిన్నది కాదు.

ఇక అందఱును అడుగు ప్రశ్న: ఈ విద్య కూడు పెట్టునా? కళ నేర్చిన ప్రతివాడును ప్రసిద్ధుడగునని చెప్పుట మోసము. చాలమంది సామాన్యజీవితమే గడుపుదురు. కాని ఇంజనీరింగు చదివిన వారందఱికిని తగిన కొలువులు దొరకినవా యని మన గుండెపై చేయి వేసికొని అడుగుకొనవలెను. పాఠ్యపుస్తకములోని బొమ్మ, నూలుచీరె అంచు, ఆటవస్తువు, మందుసీసాపై చీటి, దుకాణపు పలక, సినిమాలోని ఇల్లు, చరవాణిలో మన వ్రేలు తాకు గుర్తు, ఇవియన్నియు ఎవరో ఒకరు కూర్చుండి రూపము కల్పించినవే. పని లేదనుట నిజము కాదు. ఆ పనిని మనము మనవారిచేత చేయించుకొనుట లేదనుటయే నిజము.

1958లో భారతప్రభుత్వము పిలువగా అమెరికానుండి చార్లెస్, రే ఈమ్స్ దంపతులు వచ్చి, ఈ దేశమునకు ఎట్టి రూపకల్పనవిద్య తగునో నివేదిక వ్రాసిరి. వారు అందు మిక్కిలి మెచ్చుకొనిన వస్తువు మన చెంబు. అందు పట్టు నీరెంత, ఎత్తు చేతి బలమెంత, నిండుగా నున్నప్పుడును వెలితిగా నున్నప్పుడును తూకమెట్లు నిలుచును, వంచినప్పుడు ధార యెట్లు పడును, తోముటకు వీలెట్లు, ఖరీదెంత అని యోచించుచు పోయినచో, తరతరముల చేతులు దానిని దిద్దినవని వారు గ్రహించిరి. ఆ నివేదికననుసరించి 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైను సంస్థ వెలసెను. మన పెరటిలో బోర్లించిన చెంబును చూచి నేర్చుకొమ్మని పరదేశీయులు చెప్పవలసివచ్చినది. మనమో, ఆ చెంబును పాతసామానులవానికి వేసితిమి.

శ్రీకాళహస్తి కలంకారీకిని ఇట్టి గతియే పట్టవలసినది. కరక్కాయరసమును, పాలును పట్టించిన నూలుగుడ్డపై వెదురుపుల్ల కలముతో, ఇనుపముక్కలు బెల్లపునీటిలో నానవేసి తీసిన నలుపుతో గీచి, పటిక పూసి, వేళ్లనుండియు ఆకులనుండియు తీసిన రంగులద్ది, మరల మరల పాఱునీట ఉతికి ఆరవేయు విద్య అది. ఎఱుపునకు వాడిన చిరివేరు ఈ తూర్పుతీరపు ఇసుకనేలలలో పెరిగినదే. ఆ విద్య సన్నగిల్లిన కాలమున కమలాదేవీ చటోపాధ్యాయగారి పూనికతో 1950 దశకపు చివర శ్రీకాళహస్తిలో శిక్షణకేంద్రము వెలసెను. జొన్నలగడ్డ గురప్పచెట్టిగారు తండ్రి లక్ష్మయ్యగారి విద్యను నిలిపి, పలువురకు నేర్పి, 2008లో పద్మశ్రీ పురస్కారమును పొందిరి. చేయి చేతికి అందించినంతకాలమే కళ యుండును. నడుమ ఒక్క తరము చేయి వెనుకకు తీసికొనినచో అది ప్రదర్శనశాలలోని అద్దపు పెట్టెకు చేరును.

నేడు విద్యాలయములు లేవను సాకు చెప్పుటకు వీలు లేదు. జాతీయ డిజైను సంస్థ ఆంధ్రప్రదేశశాఖ 2015లో ఆరంభమై, 2019లో పార్లమెంటు చేసిన చట్టముచే జాతీయప్రాముఖ్యము గల సంస్థయైనది. కడపలో 2020లో వాస్తువిద్యకును, లలితకళలకును విశ్వవిద్యాలయము ఏర్పడినది. వెంకటగిరిలో ప్రగడ కోటయ్యగారి స్మారకముగా చేనేత సాంకేతికవిద్యాసంస్థ యున్నది. బందరువారు చందాలకై ఊరూరు తిరుగవలసివచ్చెను. మనకు ప్రభుత్వమే ద్వారములు తెఱచియుంచినది. పట్టాకు విలువ లేదను పాతభయము తొలగినది. తొలగనిది మన సంకోచమొక్కటే.

కావున అల్లూరు ప్రాంతపు పెద్దలకు మూడు మనవులు. మొదటిది: ఊరిబడులలో చేయి తిరిగిన పిల్లలను ఉపాధ్యాయులచే గుర్తింపజేసి, ఏటేట ఒక్కరికైనను, ఆడపిల్లయైనను మగపిల్లవాడైనను, కళావిద్యకు కావలసిన వ్యయమును పది కుటుంబములు కలిసి భరింపవలెను. పెండ్లి పందిరికి ఒక్కరాత్రిలో కరగిపోవు సొమ్ములో ఇది కొంత మాత్రమే.

రెండవది: కోతలు ముగిసి పొలములు తెఱపియైన దినములలో కడపనుండియో, అమరావతినుండియో పదిమంది విద్యార్థులను, ఒక గురువును పిలిచి పక్షము దినములు ఊరిలో నిలుపవలెను. రోజుకొక యింట భోజనము పెట్టుట మన గ్రామములకు క్రొత్త కాదు. వారాలు చేసికొని చదివిన పండితుల నెందఱినో ఈ మండలము పోషించినది. వారు మన వరిమడులను, పడవలను, వలలను, ముదుసలుల ముఖములను చిత్రింతురు. కడపటి దినమున బడియావరణమున ఆ చిత్రములను తగిలించి ఊరందఱిని పిలువవలెను. తన ముఖమును పటములో చూచుకొనిన పాలేరు ఆ విద్యను జన్మలో తేలికగా మాటలాడడు.

మూడవది అన్నిటికంటె ముఖ్యము: పని ఇయ్యవలెను. దేవాలయమండపమునకు, పాఠశాల గోడకు, పంచాయతీ కార్యాలయమునకు, చివరకు మన యింటి వీధివాకిలికి కావలసిన రూపమును ఈ చదువు చదివినవారిచే చేయించి, బేరమాడక, తగిన కూలి నీయవలెను. ఎవరో ఎచటనో అచ్చువేసిన బొమ్మను చౌకగా కొని తగిలించుకొని, మన కళలు నశించుచున్నవని సభలలో వగచుట న్యాయము కాదు. సన్మానపు శాలువ కన్న, చేసిన పనికి చెల్లించిన రొక్కము కళాకారునకు ఎక్కువ గౌరవము.

పంట పండవలెనన్న నీరు పెట్టుటతో సరిపోదు. నీరు నిలుచుటకు గట్టు వేయవలెనని కాపు నెఱిగినట్లు పండితుడును ఎఱుగడు. ప్రభుత్వము నీరు విడిచినది. గట్టు వేయవలసినది ఊరు. ఈ విద్యాసంవత్సరపు ప్రవేశములు మొదలగునప్పటికి, ఇంట బొమ్మలు గీయు బిడ్డను పిలిచి, నీకు ఈ చదువు ఇష్టమా యని తండ్రియో, తల్లియో ఒక్కమాట అడిగినచో చాలును. ఆ మాట అడుగబడిన యిల్లు అల్లూరిలో ఒక్కటున్నను ఈ వ్యాసము వృథా కాలేదని సంతోషింతుము.